నెలకు అయిదు రూపాయల లెక్క

ఈ వారంలో ఒకే సందేశం నాకు ఆరుసార్లు వచ్చింది. పదో తరగతి మిత్రుల గ్రూపులో రెండుసార్లు, మా వీధి మహిళల గ్రూపులో ఒకసారి, మిగిలినవి విడివిడిగా, "మందుల షాపు నడుపుతున్నావు కదా, చూడు" అంటూ. "కుటుంబ నియంత్రణ మాత్రలు నెలకు అయిదు రూపాయలు. ప్రభుత్వం అన్నీ ఉచితంగా ఇస్తోంది. అయినా ఇన్సూరెన్సులో చేర్చాలట!" అని మొదలై, చేర్చకూడదనడానికి ఆరు కారణాలు చెప్పి, దండం బొమ్మతో ముగుస్తుంది. అయిదుసార్లు తుడిపేశాను. ఆరోసారి పంపింది మా మేనకోడలు. ఏడో నెల గర్భిణి. వాళ్ల అత్తవారింట్లో ఎవరో పంపారట. "అత్తా, ఇదంతా నిజమేనా?" అని అడిగింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మొదటి కారణం, నెలకు అయిదు రూపాయలు, దాన్ని బీమాలో పెడితే ఆ డబ్బు ప్రీమియంలో మన దగ్గరే లాగుతారని. ఏ మాత్ర? ప్రభుత్వ రాయితీ మీద అమ్మే మాలా-డి గురించి అయితే ధర కొద్ది రూపాయలే, నిజం. పట్టీలో 28 ఉంటాయి, 21 హార్మోను మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. అది అందరికీ పడదు. తల తిప్పుతోందనో, మొహం మీద మచ్చలు వచ్చాయనో డాక్టరు మందు మార్చి రాసిందంటే ఖర్చు వందల్లోకి వెళుతుంది. కోనసీమలో రాజోలు దగ్గర పదిహేడేళ్లుగా ఆ చీటీలు చూసి మందులిచ్చేది నేనే.

రొయ్యల షెడ్డులో పొట్టు తీసే ఒకామె నెలకోసారి షాపుకు వస్తుంది. ఐసులో నాని నాని వేళ్ల కొనలు పాలిపోయి ముడతలు పడి ఉంటాయి. డబ్బులు బల్ల మీద పెట్టి, పట్టీని పెట్టెలోంచి తీసుకుని, ఖాళీ పెట్టె నాకే వదిలేస్తుంది. పట్టీ చిన్న పర్సులో, పర్సు రవికలో. 2011 నుంచి ఆశా కార్యకర్తలు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, నెల పట్టీకి ఒక్క రూపాయి తీసుకుంటారు. ఆ మాటే ఒకసారి అన్నాను. "ఆవిడది మా వీధే అక్కా. మా అత్తతో రోజూ మాట్లాడుతుంది" అంది. అంత చవకగా దొరికేది ఈమెకు అందకపోవడానికి డబ్బుతో సంబంధం లేదు. సందేశం రాసిన మనిషి లెక్కలో ఈమె ఎక్కడా లేదు.

రెండోది, "అవసరమైతే మర్నాడు వేసుకునే మాత్ర ఉందిగా, వంద రూపాయలు". అది అత్యవసరానికి వాడేది. నెలనెలా వాడే పద్ధతిగా దాన్ని ఏ డాక్టరూ రాయరు. దీని మీద ఇంతకంటే చెప్పేది లేదు.

మూడోది, "గర్భం జబ్బు కాదు, బీమా జబ్బులకే". మంచిది, పాలసీ తెరిచి చూద్దాం. బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో, అంటే బీమా చెల్లించనక్కరలేనివాటి జాబితాలో, 17వ నంబరు సంతాన నిరోధక పద్ధతులన్నిటినీ, ఆపరేషన్‌తో సహా, సంతానలేమి చికిత్సతో ఒకే గాటన కట్టి బయట పెట్టింది. మరి కంపెనీలు ఉద్యోగులకిచ్చే గ్రూపు పాలసీల్లో చాలావాటిలో కాన్పు ఖర్చు వస్తుందే, కాన్పు జబ్బా?

జబ్బు సంగతే కావాలంటే అదీ చెబుతాను. నలభై దాటాక అధిక రక్తస్రావంతో నీరసించిపోయే ఆడవాళ్లు మా ప్రాంతంలో ఇంటికొకరు ఉంటారు. అలాంటి చాలామందికి గర్భసంచి తీసేయకుండా కాపాడగలిగేది గర్భసంచిలో అమర్చే హార్మోను లూపు. ధర కొన్ని వేలు. ఓపీలోనే వేసి పంపిస్తారు కాబట్టీ, అది గర్భనిరోధక సాధనం కూడా కాబట్టీ, చాలా పాలసీల్లో దానికి దిక్కు లేదు. గర్భసంచి తీసేయించుకుంటే మాత్రం, పాలసీ తీసుకున్నాక మామూలుగా ఉండే రెండేళ్ల నిరీక్షణ దాటితే బిల్లు వస్తుంది. కొన్ని వేలతో పోయేదానికి కడుపు కోయించుకునే దారి చూపించే పద్ధతిని సమర్థిస్తూ దండం బొమ్మ పెట్టారు. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతోంది.

నాలుగోది అమెరికా. "అక్కడ మాత్రలు నెలకు 9 డాలర్లే, పైగా సుప్రీంకోర్టే కొట్టేసింది" అట. 2010 నాటి ఆరోగ్య చట్టం కింద 2012 నుంచి అక్కడి బీమా పథకాల్లో ఎక్కువ భాగం గర్భనిరోధక సాధనాలను రోగి చేతి నుంచి పైసా తీసుకోకుండా ఇవ్వాలి. పెద్ద దుకాణాల్లో మామూలు మాత్రలు 9 డాలర్లకు దొరికిన మాట వాస్తవం. బీమా లేకుండా లూపు వేయించుకోవాలంటే వెయ్యి డాలర్లు దాటే సందర్భాలున్నాయన్నది కూడా వాస్తవం. 2014లో కోర్టు చేసింది, మతవిశ్వాసం కారణంగా అభ్యంతరం చెప్పే కొద్దిమంది చేతుల్లోని కంపెనీలను మినహాయించడం. చట్టం అలాగే ఉంది.

ఇక అయిదోది. ఈ సందేశంలో నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. "ఇద్దరు పుట్టాక ఆడవాళ్లు ఆపరేషన్ చేయించుకుంటే సరి. ఖర్చు సున్నా, జీవితాంతం నిశ్చింత."

ఎవరికి నిశ్చింత? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మందికి ఈ ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్ల ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు. ఆడవాళ్లకు పొట్ట తెరవాలి. మగవాళ్లకు కత్తి గాటు లేకుండా, ఆ చోటు వరకే మత్తిచ్చి కొన్ని నిమిషాల్లో ముగిస్తారు. మా గ్రూపులో ఇరవై మంది మగవాళ్లున్నారు. ఈ సందేశం పంపిన మిత్రులు తమ సంగతి ఒక్కసారి చెప్పండి, వింటాను.

ఖర్చు సున్నా అన్నారు. కుట్లు విప్పిన నాలుగో రోజున నాట్లకు దిగిన మనిషి నా షాపు మెట్టు మీద కూర్చుని, పొత్తికడుపు పట్టుకుని నొప్పి మాత్ర అడిగింది. కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. అప్పటికే వారం పైగా కూలి పోయిందనీ, ముఠాలో తన చోటు వేరే వాళ్లకు ఇచ్చేస్తారేమోననీ భయపడింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఉచిత శిబిరంలో ఆపరేషన్ చేయించుకుని డజనుకు పైగా ఆడవాళ్లు చనిపోయారు. రెండేళ్ల తరువాత సుప్రీంకోర్టు ఆ శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలంది. ప్రాణం పోతే, చికిత్స వికటిస్తే, ఆపరేషన్ విఫలమై గర్భం వస్తే పరిహారం ఇవ్వడానికి 2005 నుంచి ప్రభుత్వమే పథకం నడుపుతోంది. సున్నా ఖర్చుకు పరిహారం దేనికి?

జీవితాంతం అన్నారు. 1996 నవంబరు తుపాను రాత్రి చూసిన కోనసీమలో కూర్చుని ఈ మాట ఎలా అనగలుగుతారు? 2004 సునామీలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులకు తమిళనాడు ప్రభుత్వం, మళ్లీ గర్భం వచ్చేలా ట్యూబులు తిరిగి కలిపే ఆపరేషన్లు ఉచితంగా చేయిస్తామని ముందుకు రావలసి వచ్చింది. మామూలు రోజుల్లో ఆ ఆపరేషన్‌కు పాలసీ చెల్లించదు. అదీ 17వ నంబరులోనే ఉంది.

ఆరోది, జనాభా తగ్గిపోతోందన్న గోడు. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను 2024లో మన అసెంబ్లీయే తీసేసింది. ఎక్కువమందిని కనాలనుకునేవారు కనవచ్చు. ఒక పక్క ఆపరేషన్ చేయించుకోమని అయిదోదిలో చెప్పి, పిల్లలు తగ్గిపోతున్నారని ఆరోదిలో ఏడవడం ఏమి తర్కం?

ఒక విషయం ఒప్పుకోవాలి. నెలనెలా కొనే మాత్రను బీమాలో పెడితే అదే డబ్బు ప్రీమియం రూపంలో మన దగ్గరే తీసుకుంటారు. ఆ సందేశంలో ఈ మాట సరైనదే, నేను మొదట కాదనుకున్నాను. పైగా రొయ్యల షెడ్డు ఆమెకు ఏ కంపెనీ పాలసీ లేదు, 17వ నంబరు రేపే ఎత్తేసినా ఆమెకు ఒరిగేది లేదు. ఆమెకు కావలసింది మూడు నెలలకోసారి వేసే అంతరా ఇంజక్షన్ లాంటిది, ఇంట్లో దాచుకోనక్కరలేనిది, వేళకు అందడం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల వాళ్లు పడవ కోసం ఎదురుచూస్తూ ఎన్ని ఇంజక్షన్ తేదీలు దాటబెట్టుకున్నారో నాకు తెలుసు. ఖరీదైన లూపు, మగవాళ్లదైనా ఆడవాళ్లదైనా ఆపరేషన్, ట్యూబులు తిరిగి కలపడం, ఇవి ఒక్కసారే మీద పడే ఖర్చులు. బీమా ఉన్నది ఇలాంటివాటికే.

మేనకోడలికి ఇదంతా ఫోనులో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "కాన్పు కాగానే ఆపరేషన్ కూడా చేయించేద్దామంటున్నారు అత్తా. నాకింకా ఇరవై నాలుగే" అంది. కాన్పయిన 48 గంటల్లోపు కాపర్-టి వేయించుకోవచ్చనీ, పెద్దాసుపత్రిలో ఉచితమనీ, పదేళ్లదాకా పనిచేసే రకం కూడా ఉందనీ, వద్దనుకున్న రోజు తీయించేయవచ్చనీ దానికి ఎవరూ చెప్పలేదు. గురువారం డాక్టరమ్మగారి దగ్గరకు ఇద్దరం వెళుతున్నాం. దాని భర్తను కూడా రమ్మన్నాను.