క్వీన్స్‌బ్రిడ్జ్ గొంతుకి వేరేవాళ్ల యూనిఫాం

న్యూయార్క్‌లో ఫ్లషింగ్ గణేశుడి గుడికి 7 ట్రైన్‌లో వెళ్లేవాళ్లకి క్వీన్స్‌బరో ప్లాజా స్టేషన్ తెలిసే ఉంటుంది. అక్కడ దిగి బ్రిడ్జి పక్కగా నది వైపు నడిస్తే కాసేపట్లోనే ఒకే తీరున కట్టిన ఇటుక బిల్డింగులు వరసగా కనిపిస్తాయి. 1939లో పేదల కోసం ప్రభుత్వం తెరిచిన క్వీన్స్‌బ్రిడ్జ్ హౌసెస్ అవి. 96 బిల్డింగులు, 3 వేలకు పైగా ఇళ్లు. అమెరికాలో అంత పెద్ద పబ్లిక్ హౌసింగ్ ఇంకోటి లేదు. తొంభైల చివర్లో క్వీన్స్‌లో అద్దెకుంటూ, గుడికీ గుడి క్యాంటీన్ దోసెలకీ వెళ్లేటప్పుడు ఆ స్టేషన్ మీదుగా ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆ ఇళ్లలో కుర్రాళ్లు ఎలా బతుకుతున్నారో మాత్రం నాకు చెప్పింది ఒక క్యాసెట్. మాబ్ డీప్ అనే ర్యాప్ జంట చేసిన ‘ది ఇన్‌ఫేమస్’.

1995లో అది వచ్చేనాటికి ఆ జంటలోని హావక్‌కీ ప్రాడిజీకీ ఇరవై ఏళ్లు. రెండు మూడు పియానో స్వరాలు, కింద బరువైన డ్రమ్స్, వాటి మీద గొంతు పెంచకుండా మాట్లాడుతున్నట్టే పాడటం. తుపాకుల గురించి పాడినా అందులో బడాయి కంటే భయమే ఎక్కువ వినిపించేది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడే వయసు, ఉలిక్కిపడినట్టు ఎవరికీ కనపడకూడని చోటు. వాళ్ల యాస నాకు సగమే అర్థమయ్యేది. ఆ భయం మాత్రం పూర్తిగా అర్థమైంది.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, మన వీకెండ్ భోజనాల దగ్గర ఏదైనా పాటో సినిమానో ఆడలేదన్న ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, “ప్రమోషన్ సరిగ్గా చేసుంటే ఆడేది” అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు 2006 మే 2 గుర్తొస్తుంది. మాబ్ డీప్ ‘బ్లడ్ మనీ’ విడుదలైన రోజు అది. ప్రమోషన్ అంటే ఏమిటో ఆ ఆల్బమ్‌కి జరిగింది. 50 సెంట్ అప్పటికి ర్యాప్‌లో తిరుగులేని పేరు. ముందటి సంవత్సరం అతని ఆల్బమ్ నాలుగు రోజుల్లోనే 11 లక్షలకు పైగా అమ్ముడైంది. అతని జీ-యూనిట్ లేబుల్ వీళ్లను తీసుకుంది. వెనక ఇంటర్‌స్కోప్ లాంటి పెద్ద కంపెనీ. వీడియోలు, పోస్టర్లు, పత్రికల్లో ఫొటోలు, అన్నీ అయ్యాయి. ఇంత చేస్తే మొదటి వారంలో అమ్ముడైంది 1 లక్షా 6 వేలు. చార్టులో మూడో స్థానం వచ్చింది, నిజమే. కానీ 1999లో ఇదే జంట 50 సెంట్ సాయం లేకుండానే మూడో స్థానంలోకి వచ్చి, ఆ ఆల్బమ్‌ని పది లక్షల ప్లాటినం దాకా తీసుకెళ్లింది.

మార్కెట్ పడిపోయింది కదా, అందరూ డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు కదా అంటారు. ఆ సంవత్సరం అమెరికాలో ఆల్బమ్ అమ్మకాలు మొత్తం మీద ఐదు శాతం దాకా తగ్గిన మాట నిజం. కానీ ‘బ్లడ్ మనీ’కి అయిదు వారాల ముందు అట్లాంటా నుంచి టీ.ఐ. అనే ర్యాపర్ ఆల్బమ్ ‘కింగ్’ వచ్చి మొదటి వారంలోనే 5 లక్షల 22 వేలు అమ్ముడైంది. అదీ వీధి కథే, డ్రగ్స్ కథే. కొనేవాళ్లు ఉన్నారు, డబ్బు పెట్టారు కూడా. వీళ్లకి పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో నాకు ఆ సీడీ మొదటిసారి విన్న రోజే అనిపించింది. ఆల్బమ్ నిండా ఇంటి యజమాని తిరుగుతున్నట్టుంది. ఒక పాటలో 50 సెంట్, ఇంకో పాటలో లాయిడ్ బ్యాంక్స్, తర్వాత యంగ్ బక్, టోనీ యేయో, మళ్లీ 50 సెంట్. అందరూ జీ-యూనిట్ వాళ్లే. 2005లో 50 సెంట్ పాట ‘ఔటా కంట్రోల్’ రీమిక్స్‌లో వీళ్లిద్దరూ పాడితే అది అమెరికా పాటల చార్టు హాట్ 100లో ఆరో స్థానానికి వెళ్లింది. లేబుల్ ఆ లెక్కనే నమ్ముకున్నట్టుంది. ఆ పాట హిట్ అయింది 50 సెంట్ వల్ల. దాన్ని చూపించి మాబ్ డీప్‌ని అమ్మాలనుకుంటే, 50 సెంట్ అభిమాని నేరుగా 50 సెంట్‌నే కొనుక్కుంటాడు. నాలాంటి పాత అభిమాని ఆ క్లబ్ పాటల్లో క్వీన్స్‌బ్రిడ్జ్‌ని వెతుక్కుని నిరాశపడతాడు.

దీనికి మూలం కొంచెం ముందే ఉంది. 2001లో సమ్మర్ జామ్ కచేరీలో జే-జీ అనే పెద్ద ర్యాపర్ పెద్ద తెర మీద ప్రాడిజీ చిన్నప్పటి ఫొటో వేశాడు. డాన్స్ ప్రోగ్రాం డ్రెస్సులో ఉన్న పిల్లాడి ఫొటో. జనం నవ్వారు. గ్యాంగ్‌స్టా, అంటే వీధి ముఠా మనిషి అనుకున్నవాడు డాన్స్ క్లాసు పిల్లాడా అని. నాకు ఇప్పటికీ ఆ సంఘటన తలచుకుంటే మనసుకి కష్టంగా ఉంటుంది. ఆ పిల్లాడి నానమ్మకి క్వీన్స్‌లో డాన్స్ స్కూలు ఉండేది. తాత శాక్సఫోన్ విద్వాంసుడు. అమ్మ ఒక పేరున్న గాయనీ బృందంలో పాడింది. ఏ తెలుగింట్లోనైనా అలాంటి వంశం గురించి గొప్పగా చెప్పుకుంటారు. అంతకంటే ముఖ్యం, అతనికి పుట్టుకతోనే సికిల్ సెల్ జబ్బు ఉంది. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లోనూ కనిపించే ఆ జబ్బు ఒంట్లో ఎముకలన్నీ పగిలిపోతున్నట్టు నొప్పి పెడుతుంది. 2000లో తన సోలో ఆల్బమ్‌లో ఆ నొప్పి గురించే ఒక పాట చేశాడు ప్రాడిజీ. గ్యాంగ్‌స్టా ర్యాప్‌లో అంతకు మించిన నిజం నేను వినలేదు.

అలాంటి మనిషి చేతికి లేబుల్ ఇచ్చింది ఏమిటి? ఇంకా డబ్బు, ఇంకా బెదిరింపు, ముఠా పేరు. అసలు వినేవాళ్లు ఈ సంగీతంలో వెతికేది హింస కాదు. నేను కొన్నది హింస కోసం కాదు, నాకు తెలిసిన ఎవరూ అందుకు కొనలేదు. చెప్తున్నవాడు అక్కడి నుంచే మాట్లాడుతున్నాడన్న నమ్మకం కోసం కొంటారు. ఆ నమ్మకాన్ని ప్రకటనలు తయారుచేయలేవు. ఉన్న నమ్మకాన్ని పదిమందికి చేర్చగలవు, అంతే. వేరేవాళ్ల యూనిఫాం తొడిగి నిలబెడితే ఉన్నది కూడా పోతుంది.

ఇది మాబ్ డీప్ ఒక్కరికే జరగలేదు. అదే సంవత్సరం అక్టోబర్‌లో లాయిడ్ బ్యాంక్స్ రెండో ఆల్బమ్ మొదటి వారంలో 1 లక్షా 43 వేలు అమ్ముడైంది. రెండేళ్ల ముందు అతని మొదటిది 4 లక్షల 33 వేలు. జీ-యూనిట్ నుంచి గెంటేసిన ది గేమ్ అనే ర్యాపర్ మాత్రం నవంబర్‌లో 50 సెంట్ లేకుండా, పేరున్న నిర్మాత డాక్టర్ డ్రే బీట్లు లేకుండా వచ్చి మొదటి వారంలో మూడున్నర లక్షలు దాటాడు. అతనికీ పెద్ద కంపెనీ అండ ఉంది, కాదనను. కానీ ఆ ఆల్బమ్ నిండా ఉన్నది తనని వదిలేసిన వాళ్ల మీద అతని సొంత బాధ. 2007 సెప్టెంబర్ 11న 50 సెంట్ సొంత ఆల్బమ్ కూడా అదే రోజు వచ్చిన కాన్యే వెస్ట్ ముందు ఓడిపోయింది. ఇటు 6 లక్షల 91 వేలు, అటు 9 లక్షల 57 వేలు.

2007 మార్చిలో ప్రాడిజీ ఒక్కడే, ఆల్కెమిస్ట్ అనే నిర్మాత బీట్ల మీద, కాక్ అనే ఇండిపెండెంట్ లేబుల్ నుంచి ‘రిటర్న్ ఆఫ్ ద మ్యాక్’ తెచ్చాడు. డెబ్బైల నాటి నల్లవాళ్ల సినిమాల సంగీతం ముక్కలు, వాటి మీద అదే పాత మెల్లని గొంతు. మొదటి వారంలో 27 వేల దాకా అమ్ముడైంది. ‘బ్లడ్ మనీ’లో నాలుగో వంతు. కానీ విమర్శకులు మెచ్చుకున్నారు, నేను నా డబ్బుతో రెండు కాపీలు కొని ఒకటి ఫ్రెండ్‌కి ఇచ్చాను. చిన్న లేబుల్‌లో ఖర్చు తక్కువ, కాపీకి పాడినవాడికి వచ్చే వాటా ఎక్కువ. అందుకని 27 వేలు అక్కడ ఓటమి కాదు.

జీ-యూనిట్‌తో వాళ్ల కథ ఆ ఒక్క ఆల్బమ్‌తోనే ముగిసింది. 2014లో ఇద్దరూ కలిసి సొంత లేబుల్ మీద రెండు డిస్కుల ఆల్బమ్ తెచ్చారు. రెండో డిస్కులో ‘ది ఇన్‌ఫేమస్’ కోసం 1994లో రికార్డు చేసి పక్కన పెట్టిన పాటలు వేశారు. ప్రాడిజీ 2017 జూన్‌లో లాస్ వేగస్‌లో కచేరీ తర్వాత ఆసుపత్రిలో చేరి, 42 ఏళ్లకే చనిపోయాడు. ఆ వారం న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఆఫీసుకి వెళ్తూ వస్తూ నేను కారులో విన్నది ఆ రెండో డిస్కే.