మోనే కుప్పలు పొలంలోనే పూర్తయ్యాయా?
ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే తన గోధుమ కుప్పల బొమ్మలన్నీ పొలంలోనే, ఎండ మారేలోపు ఏకబిగిన గీసేశాడని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. ఫ్రాన్స్‌లోని జివెర్నీ ఊళ్ళో తన ఇంటి దగ్గరి పొలంలో నిలబడి మొదలుపెట్టాడు, వెలుగు మారగానే ఆ కాన్వాస్ పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు, అంతవరకు సరే. కానీ 1890 అక్టోబరులో మిత్రుడు జెఫ్రువాకు రాసిన ఉత్తరంలో, ఈ రోజుల్లో పొద్దు తొందరగా వాలిపోతోంది, దాన్ని అందుకోలేకపోతున్నానని ఆయనే మొత్తుకున్నాడు. అందుకే స్టూడియోకి తెచ్చాక వాటిని పక్కపక్కన పెట్టి చూసుకుంటూ మళ్ళీ దిద్దాడు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ కుప్పల బొమ్మలు అర డజను దాకా ఉన్నాయి. నేను చూసినప్పుడు కాస్త దగ్గరికి వెళ్తే (గార్డు అదోలా చూశాడనుకోండి) ఎండిన రంగు మీద మళ్ళీ మందంగా వేసిన రంగు స్పష్టంగా తెలిసింది. మంచు మీద పడిన నీడలో నీలం, ఊదా ఒకదానిపై ఒకటి పేరుకుని ఉన్నాయి. ఇది హడావిడిగా అయ్యే పని కాదు. 1891 మేలో పారిస్‌లోని ద్యూరాన్-రుయెల్ గ్యాలరీలో 15 బొమ్మల్ని ఒకేచోట పెట్టాడు కదా, ఆ పోలిక కోసమే ఇంత దిద్దుబాటు అని నా అభిప్రాయం. అదే ఏడాది పాప్లర్ చెట్లు గీస్తుంటే వాటిని నరికేస్తారని తెలిసి, బొమ్మలు పూర్తయ్యేదాకా ఆగమని కలప వ్యాపారికి డబ్బిచ్చాడు. ఏకబిగిన గీసేసే మనిషికి ఆ ఖర్చు దేనికి?