ఫైలు ఇటు, ఫైలు అటు, కెమెరా వైపు చూడండి

తిరుపతిలో పెద్ద హోటళ్లు యాత్రికుల కోసం కట్టారని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు, పాపం. అవి ప్రపంచాభివృద్ధి కోసం కట్టినవి. ఎప్పుడు చూసినా ఏదో ఒక ఏసీ హాల్లో ప్రభుత్వం, కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు చేతులు కలుపుతూ ఉంటాయి. కలిపిన చేతులు విడదీసి పనికి దిగినట్టు మాత్రం వార్త రాదు.

ఐక్యరాజ్యసమితి 2015లో 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పెట్టుకుంది. 2030కల్లా పేదరికం పోవాలి, ఆకలి పోవాలి. పదిహేడోది, వీటి కోసం అందరూ భాగస్వాములు కావాలని. మొదటి పదహారింటికీ చెమటోడ్చాలి. పదిహేడోదానికి హాలు బుక్ చేస్తే చాలు. మనవాళ్లు తెలివైనవాళ్లు, చివర్నుంచి మొదలుపెట్టారు.

ఈ సదస్సుల్లో ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం, ఫైళ్లు మార్చుకునే ఘట్టం ఉంటుంది చూశారూ, అది కన్నులపండువ. అధికారి చేతిలో నీలం ఫైలు, కంపెనీ పెద్దాయన చేతిలో అలాంటిదే ఇంకో నీలం ఫైలు. ఇటుది అటు, అటుది ఇటు. ‘సార్, ఇంకోసారి’ అంటాడు ఫోటోగ్రాఫర్. మళ్లీ మారుస్తారు. ఎన్జీవో మేడమ్ ఫ్రేములో పడలేదట. ఆవిడ లోపలికి జరిగాక మళ్లీ. ఈసారి స్పాన్సర్ లోగో ఎవరి తలకాయ వెనకో దాక్కుంది. వేదిక వేదికంతా రెండడుగులు ఎడమకి జరిగి, మళ్లీ. పెళ్లిలో తలంబ్రాలకైనా ఇన్ని రీటేకులుండవు. చివరికి ఎవరి ఫైలు ఎవరి దగ్గర మిగిలిందో తెలీదు. లోపల కాగితం ఉందో లేదో చూసిన మానవుడు లేడు. భోజనాల వేళైంది మరి.

రైతునూ పిలుస్తారు, అన్యాయంగా మాట్లాడకూడదు. చివరి వరుసలో కూర్చోబెట్టి, సమయాభావం వల్ల మైకు బదులు శాలువా ఇస్తారు.

అసలు దండలు కంపెనీకి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టి తీరాలి. చట్టం పెట్టమన్నది పెట్టినందుకు ‘మహాదాత’ బిరుదు! అలాగైతే ఇంటిపన్ను కట్టినందుకు నాకూ సన్మానం చేయండి.

నిజమైన భాగస్వామ్యం చూడాలంటే చిత్తూరు జిల్లా మామిడి సీజనుకు రండి. 2025లో తోతాపురికి కిలో 12 రూపాయలన్నారు. గుజ్జు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ప్రభుత్వమూ ప్రైవేటూ కలవడమంటే ఇంతకంటే ఏం కావాలి? కానీ ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఎండకు కాయ ట్రాలీలోనే ముగ్గిపోయింది. కొందరు రోడ్డు పక్కన పారబోసి ఇంటికెళ్లారు. చెప్పిన 8 రూపాయలైనా ఇవ్వండయ్యా అని రైతులు రోడ్డెక్కాల్సి వచ్చింది.

2030కల్లా చిన్న రైతు ఆదాయం రెట్టింపు కావాలని ఆ లక్ష్యాల్లోనే రాసుంది. దేనికి రెట్టింపు? పారబోసిన కాయకా? 12 రూపాయల్లో ఎవరెంత ఇవ్వాలో కూర్చుని లెక్క కట్టారే, కోత కూలిలో, ట్రాక్టర్ బాడుగలో, గేటు ముందు జాగారంలో మీ వాటా ఎంతో ఒక్కరైనా చెప్పారా? కుళ్లిన కాయ మాత్రం మొత్తం రైతుదేనా? సిగ్గుండాలి.

ముందు ఆ 8 రూపాయలు కట్టండి. సదస్సు తర్వాత పెట్టుకుందురు గాని, భోజనాలకు మేమూ వస్తాం.