టర్బోకు సాంబ్రాణి

నిన్న ఆదివారం మా అపార్టుమెంటు సెల్లార్‌లో నేను చేసింది పూజ కాదు. ఈ మాట పదకొండు మందికి చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మోజుపడి కొన్న పాత జర్మనీ కారు నాది. ఆరు సిలిండర్లు, మూడింటికి ఒకటి చొప్పున, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే రెండు టర్బోలు. పోయిన వారం హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆక్సిలరేటర్ నేలకంటా తొక్కినా పికప్ లేదు. ఇంజిన్ దీపం వెలిగింది. కోళ్ల వ్యాను ఒకటి నన్ను దాటిపోయింది. బోనుల్లోని కోళ్లు చాలాసేపు నా వైపే చూశాయి. స్కానర్ పెడితే పి0299 అని చూపించింది. అంటే, టర్బో నెట్టాల్సినంత గాలిని నెట్టడం లేదు.

సర్వీసు సెంటర్ అడ్వైజరు బానెట్టైనా ఎత్తలేదు. చేతిలోని ట్యాబ్లెట్ చూసుకుని, "రెండు టర్బోలూ పోయాయి సార్, ఆరున్నర లక్షలు" అన్నాడు.

"రెండూ ఒకేసారి ఎలా పోతాయండీ?"

"కవలలు కదా సార్. ఒకరికి జ్వరం వస్తే రెండోవారికీ వస్తుంది."

ఇంత శాస్త్రీయమైన జవాబు విన్నాక బండి ఇంటికి తెచ్చుకున్నాను. పైపుల్లో గాలి ఒత్తిడి ఎంతుందో స్కానర్‌కు కలిపిన ఫోనులో చూస్తే 13.8 పీఎస్ఐ. ఎనిమిది వస్తే చాలనుకుంటే ఇంత వస్తోందా అని మురిసిపోయాను. ఇంజిన్ ఇంకా స్టార్టు చేయలేదని కాసేపటికి గుర్తొచ్చింది. అది హైదరాబాదు గాలికి ఉండే మామూలు ఒత్తిడి. దాన్ని తీసేసి లెక్క వేస్తే, రోడ్డు మీద నా రెండు టర్బోలూ కలిసి నెడుతున్నది మూడు పీఎస్ఐ.

టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే దారిలో గాలి ఎక్కడ కారిపోతోందో తెలుసుకోవడానికి మంచి గ్యారేజీల్లో పొగ యంత్రం వాడతారు. పైపుల్లోకి పొగ వదిలితే, కారే చోట బయటికి వస్తుంది. నా దగ్గర పొగ యంత్రం లేదు. దేవుడి గదిలో సాంబ్రాణి ఉంది.

బిస్కెట్ల డబ్బాకు రెండు చిల్లులు పెట్టాను. ఒక చిల్లుకు టైర్లకు గాలి కొట్టే కాలి పంపు, రెండో చిల్లుకు మొక్కలకు నీళ్లు పట్టే పైపు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి, ఒక టర్బో నోటికి పాలిథీన్ కవరు చుట్టి, రెండో నోట్లో పైపు దూర్చాను. డబ్బాలో నిప్పులు వేసి, గుప్పెడు సాంబ్రాణి చల్లి మూత పెట్టి తొక్కడం మొదలుపెట్టాను. గుప్పెడు ఎక్కువని నాకు ఎవరూ చెప్పలేదు. పొగ పైపులోకి కొంత వెళ్లింది. మూత సందుల్లోంచి మిగతా సెల్లార్‌కంతా వెళ్లింది.

ఆ వాసనకు లిఫ్టులోంచి రెండో అంతస్తు మామ్మగారు దిగారు. చేతిలో కుంకుమ భరిణె, నాలుగు నిమ్మకాయలు. ఆ నిమ్మకాయలు అంత సిద్ధంగా ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

"బండి పూజ చేసుకుంటూ ఒక్క మాట చెప్పవేమయ్యా?"

"పూజ కాదండీ మామ్మగారూ. గాలి ఎక్కడో లీకవుతోంది, చూస్తున్నాను."

"దిష్టి తగిలితే అన్నీ లీకవుతాయి నాయనా."

వాదిద్దామంటే తొక్కుడు ఆపాలి. ఆపితే పొగ ఆగిపోతుంది. కాబట్టి నేను ఒంటికాలి మీద ఊగుతూ ఉండగానే బానెట్టుకూ, నా నుదుటికీ కుంకుమ బొట్లు పడ్డాయి. వాచ్‌మన్ చెప్పులు విడిచి చేతులు జోడించాడు. ఇంతలో అసోసియేషన్ కార్యదర్శి గారు మంటలార్పే ఎర్ర సిలిండరు ఎత్తుకుని పరుగున వచ్చారు. పెట్రోలు బండి పక్కన నిప్పులేమిటని కేకలేశారు. ఆ ఒక్క విషయంలో ఆయనదే న్యాయం. కానీ కుంకుమ బొట్టుతో పంపు తొక్కుతున్న మనిషి క్షమాపణ చెబితే ఎవరికీ ఆనదు.

ఆ గొడవ మధ్యలో మామ్మగారు ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టడానికి వంగారు.

"ఇదేమిటయ్యా, బంపరు లోపల కూడా ధూపం పెట్టావా?"

పంపు వదిలేసి నేలమీద పడుకుని చూశాను. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దగ్గర పైపు అతుకులోంచి పొగ వయ్యారంగా బయటికి వస్తోంది. బంపరుకు రంగు వేయాలని పోయిన నెల అంతా విప్పింది ఆ సర్వీసు సెంటరే. పైపును మళ్లీ తగిలించారు, క్లాంపు బిగించడం మరిచారు. కవలలకు జ్వరమట!

స్క్రూడ్రైవరు నాలుగు చుట్లు తిప్పాను. సాయంత్రం రోడ్డెక్కితే ఎనిమిది పీఎస్ఐ వచ్చింది.

సెల్లార్‌లో హోమాలు చేయరాదని ఈ ఉదయం లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. మామ్మగారు మాత్రం ధూపం వేయగానే బండికి ప్రాణం లేచి వచ్చిందని అన్ని అంతస్తులకూ చెప్పారు. మూడో అంతస్తు ఆయన స్కూటరు పది రోజులుగా స్టార్టు కావడం లేదట. శుక్రవారం సాయంత్రం ఆరింటికి రమ్మన్నారు. బొగ్గులు నేనే తెచ్చుకోవాలట.