సవరణ: ఇటలీ వస్త్ర పరిశ్రమ రాయితీపై తీర్పు

"వస్త్ర పరిశ్రమకు నగదు సబ్సిడీ ఇచ్చినందుకు ఇటలీని యూరోపియన్ న్యాయస్థానం తప్పుపట్టింది" అన్న మునుపటి వాక్యాన్ని ఈ విధంగా సవరించి చదువుకోగలరు. వివాదం నగదు గురించి కాదు; కుటుంబ భత్యాల నిధికి యజమానులు కట్టవలసిన చందాను 1971 నాటి చట్టం వస్త్ర పరిశ్రమకు మాత్రమే మూడేళ్లపాటు తగ్గించడం గురించి. ఈ పరిశ్రమలో మహిళా కార్మికులు ఎక్కువ కావడంతో, యజమానులు కట్టే మొత్తం ఎక్కువై కార్మికులకు భత్యాలుగా తిరిగి అందేది తక్కువగా ఉందని, ఆ హెచ్చుతగ్గును సరిచేయడమే తమ ఉద్దేశమని ఇటలీ వాదించింది. ఆ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే ఒక చర్య ప్రభుత్వ సహాయమా (అంటే పోటీని దెబ్బతీసేలా ఒక దేశం తన పరిశ్రమలకు ఇచ్చే, యూరోపియన్ నియమాలు సాధారణంగా అనుమతించని తోడ్పాటా) కాదా అన్నది దాని ఉద్దేశాన్ని బట్టి కాక ఫలితాన్ని బట్టే తేలుతుందని 1974 జూలై 2న న్యాయస్థానం తీర్పునిచ్చి, రాయితీని తప్పుపట్టిన యూరోపియన్ కమిషన్ నిర్ణయాన్నే సమర్థించింది. వస్త్ర పరిశ్రమకు ఎటువంటి రాయితీ ఇవ్వరాదని మాత్రం అందులో లేదు.