ఏకాంతం బారిన పడకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

కర్నూలు ప్రజలకు ముఖ్య గమనిక. మన ఊళ్లో ఏకాంతం పూర్తిగా అంతరించిందని ధీమాగా ఉన్నవారు పొరబడుతున్నారు. మొన్న సాయంత్రం సంకల్‌బాగ్ ఘాట్ మెట్ల మీద ఒక పెద్దమనిషి చేతిలో ఏమీ లేకుండా, తుంగభద్రను చూస్తూ కూర్చుని కనిపించారు. పాపం, ఫోను పోయినట్టుందని అందరూ జాలిపడ్డారు. "మీ నంబరు చెప్పండి పెద్దాయనా, రింగ్ చేస్తాను" అని ఒక కుర్రవాడు సాయానికి కూడా వచ్చాడు. ఫోను జేబులోనే ఉందని, ఊరికే కూర్చున్నానని ఆయన చెప్పేసరికి జాలి కాస్తా అనుమానమైంది. కాసేపట్లో ఆయనకు అటూ ఇటూ మెట్లు ఖాళీ అయ్యాయి.

జనం భయంలో న్యాయముంది. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రకటించిన ఒక ప్రయోగం చూడండి. మనుషులను ఖాళీ గదిలో ఒక్కొక్కరినే 15 నిమిషాలు కూర్చోబెట్టారు. కాలక్షేపానికి ఒక మీట మాత్రం ఇచ్చారు. నొక్కితే కరెంటు షాక్ తగులుతుంది. అంతకుముందే దాని రుచి చూసి, డబ్బు ఇచ్చి అయినా తప్పించుకుంటామని చెప్పినవారే వాళ్లంతా. అయినా 18 మంది మగవారిలో 12 మంది, 24 మంది ఆడవారిలో 6గురు ఆ మీట నొక్కుకున్నారు. ఒక మహానుభావుడైతే 190 సార్లు నొక్కాడు. ఇది చదివి మానవజాతి గురించి దిగులుపడేవారు ఉంటారు. నాకు మాత్రం వాళ్ల మీద గౌరవం పెరిగింది. తనతో తాను పావుగంట గడపడం కంటే కరెంటు నయమని అంత త్వరగా గ్రహించడం సామాన్యమా? మనకు ఆ అవస్థ లేదు. ఫోను ఉంది. అది షాక్ కొట్టదు, ఛార్జింగ్‌లో పెట్టి మాట్లాడితే తప్ప.

ఊరికే కూర్చుంటే ఏమవుతుందని అడుగుతారేమో. మొదటి ఐదు నిమిషాలు ఏమీ కాదు. ఆ తర్వాత లోపలి మనిషి గొంతు సవరించుకుంటాడు. తమ్ముడితో గట్టు తగాదాలో అసలు తప్పెవరిదని అడుగుతాడు. ఊళ్లో ఉన్న అమ్మతో మాట్లాడి ఎన్నాళ్లయిందని అడుగుతాడు. వాట్సాప్‌లో ఇలాంటి మర్యాద లేని ప్రశ్నలు ఎవరూ వేయరు. అక్కడ ఉన్నదంతా శుభోదయమే. గ్రూపు పరిమితిని 2022లో 1,024 మందికి పెంచారు. వెయ్యిమంది వెయ్యి గులాబీలు పంపుతుంటే లోపలి మనిషికి నోరు తెరిచే సందెక్కడిది? ఎంత జరిపినా అయిపోని పేజీని 2006లో కనిపెట్టిన ఆజా రాస్కిన్ తర్వాత అందుకు పశ్చాత్తాపపడ్డాడు. ఎందుకో అర్థం కాదు. పేజీ అయిపోతే మనిషి తలెత్తుతాడు. తలెత్తితే ఎదురుగా ఇంట్లోవాళ్లు కనిపిస్తారు. అన్ని కాపురాలను కాపాడినవాడికి బాధెందుకు?

బ్రిటన్ ప్రభుత్వం 2018లో ఒంటరితనం సంగతి చూడడానికి ఒక మంత్రినే పెట్టింది. మనకు ఆ ఖర్చు లేదు. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే బస్సులో పక్క సీటాయన స్పీకర్ పెట్టి రీల్స్ చూస్తూ ఆ శాఖను ఉచితంగా నడుపుతున్నాడు.

ఏకాంతం విషయంలో మన ప్రాంతానికి పాత చరిత్ర కూడా ఉంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులు కాస్తూ, అవి కదలకుండా గిరి గీసి, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశారని చెబుతారు. పశువుల కాపరికి తీరిక చిక్కితే ఎంత పనవుతుందో చూశారా! ఇప్పుడు ఆ ప్రమాదం లేదు. గుహలోకి దూరిన పిల్లలు ఫోటో పెట్టాలి కాబట్టి పది నిమిషాల్లో బయటికొస్తున్నారు. కాలజ్ఞానం రాసేవారు లేకపోయినా పంపేవారికి కొదవలేదు. ఏ జబ్బు వచ్చినా, ఏ వరద వచ్చినా బ్రహ్మంగారు ముందే చెప్పారంటూ గంటలో వచ్చేస్తుంది, ఆయన రాయని పద్యంతో సహా.

అసలు ముప్పు బెలూం గుహల్లో ఉంది. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అవి నంద్యాలకు పోయాయి. అయినా ఇరుగుపొరుగు క్షేమం చూడాలి కదా.) 3,229 మీటర్ల గుహ. పాతాళగంగ దగ్గర 46 మీటర్ల లోతు. లోపల దీపాలు పెట్టారు, గాలి ఆడే ఏర్పాటు చేశారు, సిగ్నల్ సంగతి మాత్రం మరిచారు. అక్కడ ఒక తండ్రి పడిన పాట్లు కళ్లారా చూశాను. చెమట కారుతుండగా ఫోనును తలమీదికి ఎత్తి రాతికప్పుకు చూపించాడు. ఒక్క గీత పడలేదు. మునివేళ్ల మీద నిలబడ్డాడు, లాభం లేదు. చివరికి దాన్ని జేబులో వేసుకుని, దిక్కుతోచక పక్కనున్న కొడుకు వైపు చూశాడు. "ఎప్పుడు ఇంత పొడుగయ్యావురా నువ్వు?" అన్నాడు. ఆ అబ్బాయికి ఏమి చెప్పాలో తెలియలేదు. అదృష్టవశాత్తూ పైకి రాగానే ఇద్దరికీ సిగ్నల్ అందింది. పాతాళగంగ దాకా వైఫై వేయాలని ప్రభుత్వానికి మనవి. నిధులు లేకపోతే గుహ మొదట్లో "లోపల మీరు, మీవాళ్లు తప్ప ఎవరూ ఉండరు" అని హెచ్చరిక బోర్డు అయినా పెట్టించాలి.

యాగంటిలో తపస్సుకు అడ్డొచ్చాయని అగస్త్యుడు కాకులను శపించాడని, అందుకే అక్కడ కాకి వాలదని ప్రతీతి. ఆయన కాలం మంచిది. ఇప్పుడైతే కోనేటి గట్టున మోగే ఫోన్లలో దేన్ని శపించాలి? అందులో ఒకటి శిష్యుడిదే అయి ఉంటుంది. ఇక బసవన్న విషయం. ఆయన అంతకంతకూ పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని కాలజ్ఞానం మాట. అందరూ తల వంచుకుని ఉంటారు కాబట్టి ఆ రంకె గమనించేది ఒకరో ఇద్దరో. వాళ్లు బటన్ నొక్కేలోగా అది అయిపోతుంది. అప్పుడు బసవన్న ముందుకు వెళ్లి, మరొక్కసారి వేయమని, ఈసారి కాస్త వెలుతురు వైపు తిరగమని అడగగల గుండె ధైర్యం ఉన్న మనిషి కావాలి. ఆ ఉద్యోగానికి ఇప్పుడే ప్రకటన ఇవ్వడం మంచిది.