తెల్లకణాల పోరుకు అడ్డుపడొద్దు

బెజవాడ ఎండలకు సెగగడ్డ లేవని ఇల్లు అరుదు. ఎర్రగా ఉబ్బి, సలిపి, నాలుగు రోజులకు చీముపట్టి పగులుతుంది. అసహ్యించుకుని తుడిచేసే ఆ చీములో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలదే. స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాతో తలపడి, అవి అక్కడే ప్రాణాలు విడిచాయి. వాటికి తోడుగా వెళ్లాల్సిన మందులను మాత్రం మనం చేజేతులా పనికిరాకుండా చేసుకుంటున్నాం.

మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్ 1959లో వచ్చింది. 1961కే దానికి లొంగని స్టాఫైలోకాకస్ ఆరియస్ (పొట్టిగా స్టాఫ్) బ్రిటన్‌లో బయటపడింది. అదే ఎంఆర్‌ఎస్‌ఏ. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిఘాలో ఉన్న ఆస్పత్రుల్లో ఇటీవలి సంవత్సరాల్లో దొరికిన ఈ బ్యాక్టీరియా నమూనాల్లో నూటికి 40కి పైగా ఆ మొండి రకమే. అయితే మందును తప్పించుకునే ఆ జన్యువు తెల్లకణాన్ని ఆపలేదు. ఎదురొచ్చింది లొంగేదా, మొండిదా అని న్యూట్రోఫిల్ చూడదు. గాయం నుంచి కబురు అందగానే రక్తనాళం గోడ దాటి వచ్చి, బ్యాక్టీరియాను మింగి, ఆక్సిజన్‌తో తయారైన ఘాటు రసాయనాలతో లోపలే చంపుతుంది. పుట్టుకతోనే ఆ రసాయనాలను తయారుచేసుకోలేని పిల్లలకు స్టాఫ్ గడ్డలు పదేపదే లేస్తాయి.

స్టాఫ్ కూడా తక్కువది కాదు. దానికి ‘ఆరియస్’ అన్న పేరు తెచ్చిన బంగారు రంగే ఆ రసాయనాల దెబ్బను కాచుకుంటుంది. దాని ఒంటిమీది ప్రొటీన్-ఎ మన యాంటీబాడీలను తోకవైపు పట్టేసి పనికిరాకుండా చేస్తుంది. కొన్ని రకాలు విషం చిమ్మి తెల్లకణాలనే పగలగొడతాయి. అందుకే ఒకసారి వచ్చి తగ్గినా మళ్లీ రాదన్న భరోసా లేదు. రెండు పెద్ద కంపెనీల టీకా ప్రయోగాలు 2011లో ఒకటి, 2018లో మరొకటి ఆగిపోయాయి. ఇప్పటికైతే టీకా మీద ఆశ పెట్టుకుని కూర్చోలేం.

ఇంత కష్టమైన పోరులో మనం చేస్తున్నదేమిటి? ఒళ్లు వెచ్చబడితే చాలు, యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ సూది కూడా వేయించుకుంటున్నాం. స్టెరాయిడ్ తెల్లకణాలను గాయం దాకా పోనివ్వదు. అదుపులో లేని షుగరు వాటి చురుకుదనాన్ని చంపుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న రెండు మాత్రలు లొంగే బ్యాక్టీరియాను మాత్రమే చంపి, మొండిదానికి చోటు ఖాళీ చేసిపెడతాయి. పల్లెల నుంచి గుంటూరు కొత్తపేట ఆస్పత్రులకో, బెజవాడ సూర్యారావుపేట ఆస్పత్రులకో చేరేసరికి ఎన్నో రకాలు మింగేసి ఉంటారు. అప్పుడు చీము తీసి, అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపినా, ఏమీ పెరగలేదని రిపోర్టు రావచ్చు. డాక్టరు చీకట్లో వెతుక్కోవాల్సిందే.

నిజానికి చాలా గడ్డలకు అసలు వైద్యం డాక్టరు కోసి చీము తీయడమే. లోపల చీము నిలిచి ఉంటే ఎంత ఖరీదైన మందైనా అక్కడికి సరిగా చేరదు. ఈ చిన్న పనికి జనం ప్రభుత్వాస్పత్రికి ధైర్యంగా వెళ్లగలగాలి. అదే పూట చీమును కల్చర్‌కు పంపే ఏర్పాటు గుంటూరు, విజయవాడ పెద్దాస్పత్రులకే పరిమితం కాకుండా తెనాలి, నందిగామ స్థాయిలోనూ ఉండి తీరాలి. రిపోర్టు వచ్చాక మందు మార్చే ఓపిక డాక్టర్లకు, చెప్పినన్ని రోజులూ వాడే ఓపిక రోగులకు ఉండాలి.

2013లో నోటిఫై అయిన షెడ్యూల్ హెచ్1 అనే ఔషధ నిబంధన ప్రకారం సెఫిక్సిమ్ వంటి యాంటీబయాటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ చూసి అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఔషధ నియంత్రణ అధికారులు గుంటూరు, విజయవాడ నగరాల్లో వేసవి ముగిసేలోగా ఆ రిజిస్టర్లు తెరిపించి చూడాలి. ఎన్ని షాపుల్లో అవి సక్రమంగా ఉన్నాయో జనానికి వెల్లడించాలని మేం డిమాండ్ చేస్తున్నాం.